కరెంట్ ఫీడ్‌బ్యాక్ ఆంప్‌లో టీహెచ్‌డీ తగ్గాలంటే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ దగ్గర మొదలుపెట్టాలి

చిత్తూరు నుంచి తమ్ముడు తను కట్టిన కరెంట్ ఫీడ్‌బ్యాక్ ఆంప్లిఫయర్ గురించి అడిగింది ఇదీ. (ఔట్‌పుట్ నుంచి వెనక్కి వచ్చే ఎర్రర్‌ను వోల్టేజ్‌గా కాక కరెంట్‌గా తీసుకునే ఆంప్ ఇది. టీహెచ్‌డీ అంటే టోటల్ హార్మోనిక్ డిస్టార్షన్, అసలు సిగ్నల్‌లో లేని హార్మోనిక్స్ ఔట్‌పుట్‌లో ఎంత శాతం చేరాయో చెప్పే అంకె.) డైమండ్ బఫర్ ఇన్‌పుట్ (నాలుగు ట్రాన్సిస్టర్ల దశ), విల్సన్ మిర్రర్లు (కరెంట్‌ను నకలు చేసే ట్రాన్సిస్టర్ గుంపులు), వాటి నుంచి నేరుగా డబుల్ ఎమిటర్ ఫాలోయర్ (కరెంట్ పెంచే రెండంచెల దశ), చివర 5200/1943 పవర్ ట్రాన్సిస్టర్లు రెండు జతలు. సప్లై ±50 వోల్టులు, 8 ఓంలకు 100 వాట్లు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 1 కిలో ఓం, గ్రౌండ్ వైపు 50 ఓంలు, దాని కింద 1000 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్. సిమ్యులేషన్‌లో 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.002 శాతం చూపిస్తే, బోర్డు మీద 0.008 వస్తోంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.04, 20 హెర్ట్జ్ దగ్గర 0.02. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ను 500 ఓంలకు దించితే లూప్ గెయిన్ (ఫీడ్‌బ్యాక్ తప్పును ఎన్ని రెట్లు అణచగలదో చెప్పే అంకె) పెరిగి అంతా సర్దుకుంటుందా అని ప్రశ్న.

దించొద్దు తమ్ముడూ. 20 కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం మేలు జరిగినా, 20 హెర్ట్జ్ దగ్గర ఇప్పుడున్నదానికంటే చెడుతుంది. ఎందుకో లెక్కతో చూపిస్తా. నేను తిరుపతిలో ఆంప్లిఫయర్లు కడుతూ, బాగు చేస్తూ చాలా ఏళ్ళుగా ఉన్నా. ఈ టోపాలజీ, అంటే ఈ సర్క్యూట్ అమరిక, నాకు ఇష్టం కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

ముందు వేగం సంగతి తేల్చేద్దాం. కరెంట్ ఫీడ్‌బ్యాక్ పద్ధతి పేరు తెచ్చుకున్నది ఆడియోలో కాదు. కామ్‌లీనియర్ కంపెనీలో నెల్సన్, సాలర్ అనే ఇద్దరు 1980ల్లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. వాళ్ళకు కావాల్సింది వీడియో, పల్స్ సిగ్నళ్ళకు సరిపడే వేగం. ఇన్‌పుట్ దశలో టెయిల్ కరెంట్ అనే హద్దు లేదు, ఎర్రర్ ఎంత పెద్దదైతే అంత కరెంట్ ఇస్తుంది, అందుకే స్లూ రేట్, అంటే ఔట్‌పుట్ వోల్టేజ్ మారగల గరిష్ఠ వేగం, మైక్రోసెకనుకు వందల వోల్టుల్లో ఉంటుంది. అంతకుముందు 1970లో ఫిన్లాండ్ ఇంజనీర్ మట్టి ఓతాలా ట్రాన్సియెంట్ ఇంటర్‌మాడ్యులేషన్ (సిగ్నల్ ఒక్కసారిగా మారినప్పుడు పుట్టే డిస్టార్షన్) మీద రాసిన పేపర్ వల్ల ఆడియోవాళ్ళలో స్లూ రేట్ భయం పాతుకుపోయింది. ఆ రెండూ కలిసి, వేగంగా ఉంటే డిస్టార్షన్ దానంతటదే తగ్గుతుందనే నమ్మకం వచ్చింది. నీ ఆంప్‌కు ఫుల్ పవర్‌లో పీక్ 40 వోల్టులు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర దానికి కావాల్సిన స్లూ రేట్ మైక్రోసెకనుకు 5 వోల్టులే. పది రెట్లు మార్జిన్ పెట్టుకున్నా 50. అది నీకు ఇప్పటికే ఉంది. కాబట్టి నీ సమస్య వేగం కాదు, లీనియారిటీ.

ఇప్పుడు లూప్ గెయిన్. కరెంట్ ఫీడ్‌బ్యాక్‌లో దాని లెక్క సులభం: మిర్రర్లు కలిసే నోడ్ ఇంపీడెన్స్‌ను, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కు బఫర్ సొంత ఔట్‌పుట్ రెసిస్టెన్స్ ఇంటూ క్లోజ్డ్ లూప్ గెయిన్ కలిపి వచ్చినదానితో భాగించాలి. నీ బఫర్‌లో ఎమిటర్ రెసిస్టర్లు 22 ఓంలు, కరెంట్ 5 మిల్లీఆంప్‌లు. రెండు వైపులూ సమాంతరంగా చూస్తే సుమారు 15 ఓంలు అనుకో. గెయిన్ 21. అంటే 1000 ప్లస్ 315, మొత్తం 1315 ఓంలు. నోడ్ దగ్గర కాంపెన్సేషన్ కెపాసిటర్ (ఆసిలేషన్ రాకుండా పెట్టేది) 100 పికోఫారడ్ పెట్టావు కాబట్టి లూప్ గెయిన్ 1 అయ్యే ఫ్రీక్వెన్సీ దాదాపు 1.2 మెగాహెర్ట్జ్. 20 కిలోహెర్ట్జ్ దగ్గర లూప్ గెయిన్ మహా అయితే 60 రెట్లు, అంటే 35 డెసిబెల్ పైచిలుకు. పైగా 20 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కు పుట్టే మూడో హార్మోనిక్ 60 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాన్ని అణచేది అక్కడి లూప్ గెయిన్, అది 20 రెట్లే. ఔట్‌పుట్ దశ సొంతంగా 0.1 శాతం మూడో హార్మోనిక్ పుట్టిస్తే, లూప్ మూశాక 0.005 మిగులుతుంది. ఈ అంకె మనసులో పెట్టుకుంటే, ప్రతి దశనూ లూప్ మూయకముందే ఎందుకు శుభ్రం చేసుకోవాలో అర్థమవుతుంది.

నీ బోర్డులో ఆ 60 కూడా లేదు. మిర్రర్లు కలిసే నోడ్ మీద డబుల్ ఎమిటర్ ఫాలోయర్ కూర్చుంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ కరెంట్ గెయిన్ 70, దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్‌ది 100 అనుకుంటే 8 ఓంల లోడ్ ఆ నోడ్‌కు 56 కిలో ఓంలుగా కనపడుతుంది. విల్సన్ మిర్రర్ పెట్టి మెగా ఓం దాకా తెచ్చుకున్న ఇంపీడెన్స్ అంతా అక్కడ పోయింది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర లూప్ గెయిన్ 42 రెట్లు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 35. ఇది చాలదన్నట్టు ఆ 56 కిలో ఓంలు స్థిరంగా ఉండవు. పై సగంలో 5200 గెయిన్ ఒకటి, కింది సగంలో 1943 గెయిన్ ఇంకొకటి. కరెంట్ పెరిగితే రెండూ పడతాయి. 8 ఓంలని రాసిన స్పీకర్ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 5, 6 ఓంలకు దిగుతుంది. ఆ మార్పులన్నీ నేరుగా హైఇంపీడెన్స్ నోడ్ మీద పడి డిస్టార్షన్ అవుతాయి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర నీకు కనిపిస్తున్న రెండో హార్మోనిక్‌లో ఎక్కువ భాగం ఇదేనని నా అంచనా. సిమ్యులేషన్‌లో కనపడకపోవడానికి కారణం, మోడళ్ళలో ఎన్‌పీఎన్, పీఎన్‌పీ గెయిన్లు దాదాపు సమానంగా ఉండటం, ఎక్కువ కరెంట్ దగ్గర గెయిన్ పడటాన్ని చాలా మోడళ్ళు సరిగా చూపించకపోవడం.

మందు ట్రిపుల్ ఎమిటర్ ఫాలోయర్. ఇంకో దశ చేరితే నోడ్ మీద లోడ్ వంద రెట్లు తేలికవుతుంది, 1 కిలోహెర్ట్జ్ దగ్గర లూప్ గెయిన్ వందలకు పోతుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 60కి చేరుతుంది, అక్కడ కాంపెన్సేషన్ కెపాసిటర్ హద్దు కాబట్టి అంతకంటే పోదు. ముందు డ్రైవర్‌గా, మిర్రర్‌లోనూ కేఎస్‌సీ3503, కేఎస్‌ఏ1381 లాంటివి వాడు. 300 వోల్టుల డివైసులు, కలెక్టర్ కెపాసిటెన్స్ 3 పికోఫారడ్ దరిదాపుల్లో. ఆ కెపాసిటెన్స్ వోల్టేజ్‌తో మారుతుంది కాబట్టి, అసలే తక్కువ ఉంటే మారేదీ తక్కువే. ట్రిపుల్‌కు పారాసిటిక్ ఆసిలేషన్ (దానంతటదే పుట్టే అనవసర డోలనం) బెడద ఎక్కువ. ప్రతి బేస్‌కూ ఆనుకుని ఒక చిన్న రెసిస్టర్ తప్పనిసరి, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లకైతే 2 నుంచి 4.7 ఓంలు.

ఇక అసలు సంగతి, నీ 20 హెర్ట్జ్ డిస్టార్షన్. వోల్టేజ్ ఫీడ్‌బ్యాక్ ఆంప్‌లు కట్టినవాళ్ళు ఇక్కడ చూడరు. అక్కడ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 10, 20 కిలో ఓంలు ఉంటుంది, దానిలో పోయే కరెంట్ లెక్కలోకి రాదు. ఇక్కడ ఫుల్ పవర్‌లో 28.3 వోల్టుల ఆర్‌ఎంఎస్ 1050 ఓంల మీద పడుతుంది. 27 మిల్లీఆంప్‌లు. ఆ 1 కిలో ఓం రెసిస్టర్ ఒక్కటే 0.73 వాట్లు తింటోంది. ఫోటోలో నువ్వు పెట్టింది 1 వాట్ కార్బన్ ఫిల్మ్. కాలిపోదు నిజమే, కానీ వాట్ రేటింగ్ కాలిపోకుండా ఉండటానికే, డిస్టార్షన్ రాకుండా ఉండటానికి కాదు.

జరిగేది ఇది. 20 హెర్ట్జ్ సైన్ వేవ్‌లో పవర్ సెకనుకు 40 సార్లు పెరిగి తగ్గుతుంది. రెసిస్టర్ ఫిల్మ్ పలచగా ఉంటుంది, ఆ నెమ్మదికి దాని వేడి కూడా వెంట ఊగుతుంది. వేడితో విలువ మారుతుంది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ విలువ మారడమంటే ఆంప్లిఫయర్ గెయిన్ మారడమే. సిగ్నల్‌కు రెట్టింపు ఫ్రీక్వెన్సీలో గెయిన్ ఊగితే మూడో హార్మోనిక్ పుడుతుంది. ఒక సైకిల్‌లో ఉష్ణోగ్రత అర డిగ్రీ అటూ అర డిగ్రీ ఇటూ ఊగిందనుకో. డిగ్రీకి 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) మారే రెసిస్టర్ అయితే గెయిన్ 50 పీపీఎం ఊగుతుంది, మూడో హార్మోనిక్ అందులో సగం, 0.0025 శాతం. కార్బన్ ఫిల్మ్ డిగ్రీకి కొన్ని వందల పీపీఎం మారుతుంది కాబట్టి దీన్ని మూడింతలు, నాలుగింతలు చేసుకో. దీన్ని లూప్ గెయిన్ తగ్గించలేదు, ఎంత లూప్ గెయిన్ పెట్టినా సరే. ఆంప్లిఫయర్ ఔట్‌పుట్‌ను కొలుచుకునే కొలబద్దే సాగి కుంచించుకుపోతోంది. సిమ్యులేషన్‌లో రెసిస్టర్ వేడెక్కదు, అందుకే అక్కడ కనపడలేదు.

ఇప్పుడు 500 ఓంల ఆలోచన ఎందుకు వద్దన్నానో చూడు. 500, 25 పెడితే లూప్ గెయిన్ 1 అయ్యే ఫ్రీక్వెన్సీ 1.95 మెగాహెర్ట్జ్ అవుతుంది, లాభం 4 డెసిబెల్. రెసిస్టర్‌లో వేడి మాత్రం రెట్టింపు, దాదాపు వాటున్నర. పైగా 5200 ట్రాన్సిషన్ ఫ్రీక్వెన్సీ (దాని కరెంట్ గెయిన్ 1కి పడిపోయే చోటు) 30 మెగాహెర్ట్జ్. ట్రిపుల్ పెట్టాక 2 మెగాహెర్ట్జ్ లూప్ అంటే ఫేజ్ మార్జిన్ సన్నగిల్లుతుంది, పొడవాటి స్పీకర్ కేబుల్ తగిలిస్తే ఆసిలేట్ అయ్యే ప్రమాదం ఉంది.

1 కిలో ఓమే ఉంచి, దాన్ని పది 100 ఓంల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లుగా సిరీస్‌లో పెట్టు. 0.6 వాట్ సైజు, 50 పీపీఎం లేదా అంతకంటే మంచివి. ఒక్కోదాని మీద 73 మిల్లీవాట్లే పడుతుంది, వేడి ఊగడం పదో వంతుకు, మంచి రెసిస్టర్ వల్ల దాంట్లో ఇంకా తగ్గుతుంది. వోల్టేజ్ కూడా పదిగా పంచుకుంటాయి కాబట్టి వోల్టేజ్ కోఎఫిషియెంట్ బాధ కూడా తీరుతుంది. పది 10 కిలో ఓంలవి పారలల్‌లో పెట్టినా వేడి లెక్క ఒకటే, కానీ వోల్టేజ్ లాభం రాదు. నేనైతే సిరీసే పెడతా. ఇన్వర్టింగ్ నోడ్ వైపు చివరి రెసిస్టర్ మాత్రం ట్రాన్సిస్టర్ల ఎమిటర్లకు ఆనుకుని ఉండాలి, ఆ నోడ్ ట్రాక్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. వోల్టేజ్ ఫీడ్‌బ్యాక్ అలవాటుతో ఈ రెసిస్టర్ మీద చిన్న కెపాసిటర్ పెట్టకు. ఇక్కడ అది పై ఫ్రీక్వెన్సీల్లో లూప్ గెయిన్‌ను పెంచేసి ఆసిలేషన్ తెస్తుంది.

20 హెర్ట్జ్‌లో రెండో వాటా 50 ఓంల కింద ఉన్న ఎలక్ట్రోలిటిక్‌ది. 1000 మైక్రోఫారడ్‌కు 20 హెర్ట్జ్ దగ్గర 8 ఓంల రియాక్టెన్స్ ఉంటుంది. 27 మిల్లీఆంప్‌లు దాని గుండా పోతే 0.2 వోల్ట్ పైన పడుతుంది. ఎలక్ట్రోలిటిక్ అంత ఏసీ వోల్టేజ్‌ను డిస్టార్షన్ లేకుండా మోయగల కాంపోనెంట్ కాదు, దాని కెపాసిటెన్స్ వోల్టేజ్‌తో మారుతుంది. 4700కు పెంచితే తగ్గుతుంది, పూర్తిగా పోదు. తీసేసి డీసీ సర్వో (ఔట్‌పుట్‌లో డీసీని గమనించి సున్నాకు తెచ్చే చిన్న సర్క్యూట్) పెట్టడమే మంచిది. డైమండ్ బఫర్‌లో ఎన్‌పీఎన్, పీఎన్‌పీ బేస్–ఎమిటర్ వోల్టేజ్‌లు సరిగ్గా కలవవు, పదుల మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉంటుంది. కెపాసిటర్ లేకపోతే అది 21 రెట్లై ఔట్‌పుట్‌లో వోల్ట్ దాకా వస్తుంది. కాబట్టి సర్వో బలం కూడా సరిపోవాలి. నాన్-ఇన్వర్టింగ్ ఇంటిగ్రేటర్‌గా ఒక టీఎల్‌072, 1 మెగా ఓం, 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, దాని ఔట్‌పుట్ నుంచి 10 కిలో ఓంల రెసిస్టర్ ద్వారా ఇన్వర్టింగ్ నోడ్‌కు. ±12 వోల్టుల సర్వో అయితే 1.2 మిల్లీఆంప్‌ల దాకా సర్దగలదు, అంటే ఔట్‌పుట్‌లో 1.2 వోల్టులు. ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లను జతలుగా ఎంచుకుని, ముఖాలు కలిపి అతికించి రాగి రేకు చుడితే అంత అవసరం రాదు. జతలు కలవడం వల్ల ఈవెన్ హార్మోనిక్స్ కూడా తగ్గుతాయి.

ఆ ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లకు క్యాస్కోడ్ (వోల్టేజ్‌లో ఎక్కువ భాగం తన మీద వేసుకునే ఇంకో ట్రాన్సిస్టర్) పెట్టు. ఇప్పుడు ఒక్కోదాని మీద 49 వోల్టులు, 5 మిల్లీఆంప్‌లు. పావు వాటు. ఆ చిన్న ప్లాస్టిక్ ప్యాకేజీకి వాటుకు 200 డిగ్రీల లెక్క, అంటే గది ఉష్ణోగ్రత కంటే 50 డిగ్రీలు పైన. మే నెలలో మన తిరుపతి, చిత్తూరులో గదే 40 దాటుతుంది. క్యాస్కోడ్ పెట్టి 12 వోల్టులే మిగిలిస్తే వేడి 12 డిగ్రీలకు దిగుతుంది, ఆఫ్‌సెట్ డ్రిఫ్ట్ నిలకడగా ఉంటుంది, ఎర్లీ ఎఫెక్ట్ (కలెక్టర్ వోల్టేజ్‌తో ట్రాన్సిస్టర్ కరెంట్ మారడం) వల్ల వచ్చే డిస్టార్షన్ కూడా చాలావరకు పోతుంది.

మిర్రర్లు నేరుగా సప్లై లైన్ల మీద నిలబడటం ఈ టోపాలజీకి ఉన్న బలహీనత. సప్లై మీద ఉండేది 100 హెర్ట్జ్ హమ్ ఒక్కటే కాదు. క్లాస్ ఏబీ ఔట్‌పుట్ దశ ఒక్కో లైన్ నుంచి సగం సగం సైన్ వేవ్ కరెంట్ లాగుతుంది. ఆ ముక్కల నిండా ఈవెన్ హార్మోనిక్స్. అవి మిర్రర్ ద్వారా లోపలికి వస్తే హమ్‌గా కాదు, డిస్టార్షన్‌గా కొలతల్లో కనపడతాయి. పరీక్ష సులభం: ముందు దశకు బయటి బెంచ్ సప్లై ఇచ్చి చూడు. రెండో హార్మోనిక్ పడితే దొంగ దొరికినట్టే. అప్పుడు ముందు దశకు లైన్‌లో 47 ఓంలు, 470 మైక్రోఫారడ్ పెడితే 100 హెర్ట్జ్ దగ్గర 14 రెట్లు తగ్గుతుంది. కెపాసిటెన్స్ మల్టిప్లయర్ (ట్రాన్సిస్టర్‌తో చిన్న కెపాసిటర్‌ను పెద్దదానిలా పనిచేయించే ఫిల్టర్) పెడితే ఇంకా మేలు.

వైరింగ్ కూడా ఇందులో భాగమే. ఆ సగం సైన్ వేవ్ కరెంట్లు పోయే ప్లస్, మైనస్, గ్రౌండ్ వైర్లు మూడింటినీ కలిపి మెలితిప్పు. ఆంప్ నడుస్తుండగా చెక్క పుల్లతో సప్లై వైర్లను ఇన్‌పుట్ నుంచి దూరంగా జరిపి స్పెక్ట్రం చూడు. 20 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కు రెండో హార్మోనిక్ వైర్ కదిపితే మారుతోందంటే అది సర్క్యూట్ తప్పు కాదు, అయస్కాంత కప్లింగ్. 50 ఓంల గ్రౌండ్ చివరను ఇన్‌పుట్ గ్రౌండ్‌కే కలుపు, సప్లై డీకప్లింగ్ కెపాసిటర్ల గ్రౌండ్‌ను దాంతో కలపకు, అది విడిగా స్టార్ పాయింట్‌కు (గ్రౌండ్ వైర్లన్నీ కలిసే ఒకే చోటుకు) పోవాలి. ఫీడ్‌బ్యాక్‌ను ఎమిటర్ రెసిస్టర్లు రెండు వైపులా కలిసే సరైన మధ్య బిందువు నుంచే తీసుకో. స్పీకర్ లైన్‌లో ఫ్యూజ్ ఉంటే తీసెయ్. అదీ రెసిస్టర్ లాగే వేడెక్కి, ఫీడ్‌బ్యాక్ బయట ఉండి, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో మూడో హార్మోనిక్ ఇస్తుంది. రక్షణకు సప్లై వైపు ఫ్యూజ్‌లు, ఔట్‌పుట్‌కు రిలే పెట్టుకోవచ్చు.

ఔట్‌పుట్ బయాస్ (సిగ్నల్ లేనప్పుడు పారే కరెంట్) గురించి నువ్వు 40 మిల్లీఆంప్‌లు అన్నావు. తక్కువ. హెచ్‌పీలో బార్నీ ఆలివర్ 1971లో చూపించిన లెక్క ప్రకారం క్రాసోవర్ డిస్టార్షన్ (పై సగం, కింది సగం ట్రాన్సిస్టర్లు చేతులు మారే చోట పుట్టేది) కనిష్ఠంగా ఉండాలంటే ఒక్కో ఎమిటర్ రెసిస్టర్ మీద దాదాపు 26 మిల్లీవోల్టులు ఉండాలి. 0.22 ఓంలకు అది 118 మిల్లీఆంప్‌లు. ట్రాన్సిస్టర్ లోపలి రెసిస్టెన్స్‌నూ లెక్కలో వేసుకుంటే 100 దగ్గర పెట్టు, తర్వాత స్పెక్ట్రం చూస్తూ సర్దు. రెండు జతలకు కలిపి ఛానల్‌కు 20 వాట్ల వేడి ఊరికే ఉంటుంది, హీట్‌సింక్‌ను ఎండాకాలం మధ్యాహ్నానికి లెక్కేసి ఎంచుకో. బయాస్ ట్రాన్సిస్టర్‌ను హీట్‌సింక్ మీద ఎక్కడో మూలన కాదు, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ మీదే బిగించు.

5200, 1943 మార్కెట్లో నకిలీలు చాలా ఉన్నాయి. మనవైపువాళ్ళం హీట్‌సింక్‌లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు, బాక్సులకు చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోవడం మామూలే, కానీ పవర్ ట్రాన్సిస్టర్లు మాత్రం అధికారిక డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతో కొను. లోపల చిన్న చిప్ ఉన్న నకిలీకి ఎక్కువ కరెంట్ దగ్గర గెయిన్ కుప్పకూలుతుంది, పైన చెప్పిన లెక్కలేవీ దానికి వర్తించవు.

కొలతల సంగతి. 20 కిలోహెర్ట్జ్ టీహెచ్‌డీకి సౌండ్ కార్డ్ 192 కిలోహెర్ట్జ్‌లో నడవాలి, 48లో నడిపితే హార్మోనిక్ ఒక్కటి కూడా కనపడదు. ఇన్‌పుట్‌కు దించే అటెన్యుయేటర్‌లో కూడా పై రెసిస్టర్‌ను పది ముక్కలు చెయ్, లేకపోతే అది వేడెక్కి పుట్టించే మూడో హార్మోనిక్‌ను ఆంప్ నెత్తిన వేస్తావు. దీంతోపాటు 19, 20 కిలోహెర్ట్జ్ రెండు టోన్లు కలిపి ఇచ్చి, 1, 18, 21 కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఏం లేచిందో చూడు. నన్నడిగితే ఒకే టోన్ టీహెచ్‌డీ కంటే ఇదే ఎక్కువ చెబుతుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర రెండు నాదస్వరాలు జంటగా పలికితే దగ్గర్లో నిలబడి విను. హార్మోనిక్స్ దట్టంగా ఉన్న రెండు స్వరాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఆ రికార్డింగ్ మంచి ఆంప్‌లో రెండు వాద్యాలుగా విడివిడిగా వినపడుతుంది. ఇంటర్‌మాడ్యులేషన్ (రెండు టోన్లు కలిసి కొత్త టోన్లు పుట్టించడం) ఎక్కువున్న ఆంప్‌లో వాటి మధ్య ఒక గరగర చేరుతుంది, ఆ గరగర ఒకే టోన్ టీహెచ్‌డీ అంకెలో నేరుగా కనపడదు.

సిమ్యులేషన్‌ను వదలొద్దు. ఎల్‌టీస్పైస్‌లో ప్లాట్‌విన్‌సైజ్ (plotwinsize) 0, నమ్‌డిజిట్ (numdgt) 15 పెట్టి, టైమ్ స్టెప్ గరిష్ఠ పరిమితి తగ్గించకపోతే కింది అంకెలన్నీ గణన శబ్దమే. కావాలనే ఎన్‌పీఎన్ గెయిన్‌కు, పీఎన్‌పీ గెయిన్‌కు 30 శాతం తేడా పెట్టి నడుపు, డబుల్‌కూ ట్రిపుల్‌కూ తేడా అప్పుడు తెలుస్తుంది.

ముందు రెసిస్టర్, సర్వో మార్చు. ట్రిపుల్‌కు కొత్త బోర్డు కావాలి కాబట్టి అది తర్వాత. ఆ రెండూ మార్చాక 20 హెర్ట్జ్ స్పెక్ట్రం పెట్టు, మూడో హార్మోనిక్ ఇంకా మిగిలి ఉంటే అది 10 వాట్ల దగ్గర ఎంత, 100 వాట్ల దగ్గర ఎంత అనేది కూడా రాయి. మిర్రర్ ఎమిటర్ రెసిస్టర్ల విలువ నీ డ్రాయింగ్‌లో లేదు, అవి 47 ఓంల కంటే తక్కువ ఉంటే ఆఫ్‌సెట్ లెక్క మళ్ళీ వేయాల్సి వస్తుంది.